మిరపపండు రంగు చీర

హన్మకొండ షోరూంలో వరుసగా వెలుగుతున్న మానిటర్లలో, కళ్లు జిగేల్‌మనిపించేదాన్ని ఏరి తెచ్చుకున్న మహామేధావిని నేను. ఇరవై ఏళ్లుగా పెళ్లి ఫొటోలు తీస్తున్నవాణ్ణి, రంగుల గురించి నాకొకరు చెప్పాలా? తెర వెలుతురు నిండుగా పెట్టేసి, మట్టెవాడ బట్టల సేటు కూతురి పెళ్లి ఆల్బమ్‌కు కూర్చున్నాను. మరీ వెలిగిపోతూ నీలంగా కొడుతున్నాయని ప్రతి ఫొటోకూ కాస్త వెలుగు తగ్గించి, పసుపు కలిపాను.

అచ్చయి వచ్చిన ఆల్బమ్‌లో పెళ్లిపందిరి కరెంటు పోయిన ఇల్లులా ఉంది. మిరపపండు రంగు పట్టుచీర ఇటుక రంగుకు తిరిగింది. ప్రింటింగ్ ల్యాబ్ వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

సేటు చీర పట్టుకుని స్టూడియోకు వచ్చాడు. చీరనూ ఆల్బమ్‌నూ గుమ్మం బయట ఎండలో పక్కపక్కన పెట్టాడు.

"ఇదేం రంగు తమ్మీ? మా దుకాణంల జాకెట్ ముక్క కొనే అమ్మ గూడ ఎండల చూసుకోని పోతది. నువ్వు గా టీవీని షోరూం లైట్ల కింద చూసి కొంటివా?"

నా మానిటర్‌ను టీవీ అన్నాడు.

"బిడ్డ ఒక్కసారి చూసి మూసిపెట్టింది. మళ్ల తెరుస్తలేదు. అత్తగారింటికి ఏం తీస్కపోతది?"

ఆ మాటకు సిగ్గేసింది. తెరకు ఆనించి రంగు కొలిచే చిన్న మిషన్ తెప్పించాను. వెలుతురు సగానికి తగ్గించాక తెర జబ్బుపడినట్టు కనిపించింది. జబ్బు నా కళ్లదని తెలియడానికి రెండు రోజులు పట్టింది. ముచ్చటపడి వేయించుకున్న చిలకపచ్చ గోడలు కూడా కంటిని మోసం చేస్తాయట, వాటికి బూడిద రంగు కొట్టించాను. సేటును అడిగి తెచ్చుకున్న ఆ చీర జాకెట్ ముక్కను పక్కన పెట్టుకుని ప్రతి పేజీ మళ్లీ చేశాను. పెళ్లికూతురి ముఖానికి మాత్రం మా వృత్తిధర్మంగా రెండు పూతలు తెలుపు వేశాను. అది ఎవరూ అడగరు, మేమూ మానం.

కొత్త ఆల్బమ్ తీసుకుని సేటు ఇంటికే వెళ్లాను. ఆయన వాకిట్లో చీరతో సరిచూసి, "గిదీ రంగంటే!" అని నా భుజం తట్టాడు. నేను గాల్లో తేలిపోయాను.

అమ్మాయి నాలుగు పేజీలు తిప్పి ఆగింది.

"చీర నాదే అన్నా. మనిషే నేను కాదు."

అప్పుడు చూశాను ఆమె ముఖం వంక. చామనఛాయ, చక్కని ముఖం. ఇన్ని రోజులూ నేను చీరనే చూశాను.