రెండు ఊరేగింపుల మధ్య ఒక స్వరం

మా అమ్మాయి స్కూల్లో బ్యాండు గది తలుపు తెరవగానే ట్రంపెట్ మీటలకు వేసే నూనె వాసన వచ్చింది. కిరోసిన్‌లో కొంచెం తీపి కలిపినట్టుండే వాసన. పిల్లలు వాద్యాలు పెట్టెల్లో సర్దుకుంటున్నారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. సిడ్నీలో ఖాదర్ అంకుల్ గరాజ్‌లో అచ్చం ఇదే వాసన ఉండేది.

తొంభైతొమ్మిదిలో, పాత కంప్యూటర్ ప్రోగ్రాముల్లోని రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలుగా మార్చే పని మీద విజయవాడ నుంచి సిడ్నీ వచ్చాను. అక్కడ మా జట్టుకి ఆయనే పెద్ద. కర్నూలు మనిషి, డెబ్భైల్లోనే ఇంజనీరుగా వచ్చి స్థిరపడ్డారు. ముప్పై ఏళ్ళ నాటి ప్రోగ్రాము చూసి "ఎవడు రాశాడో ఈ చెత్త" అని నేను గొణిగితే, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. "రాసినోడు తెలివితక్కువోడు కాదమ్మా. ఏ ఇబ్బందిలో ఇట్ల రాసినాడో ముందు చూడు. తర్వాత మార్చు," అన్నారు. అప్పటిదాకా నాకు పని చెప్పినవాళ్ళెవరూ అలా మాట్లాడలేదు.

కంప్యూటర్ జవాబిచ్చేదాకా నేను బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తుండడం ఒకరోజు ఆయన కంటపడింది.

"ఏం వాయిస్తావమ్మా?"

"వయొలిన్ అండీ. ఇప్పుడు మానేశాను."

పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక పోటీలో కీర్తన మధ్యలో అంతా మరిచిపోయి, వేదిక దిగి వెళ్ళిపోయాను. తరువాత వయొలిన్ ముట్టుకోలేదు. అయినా ఎందుకో దాన్ని సిడ్నీదాకా మోసుకొచ్చాను. ఇదంతా విని ఆయన ఓదార్చలేదు. "సండే ఆర్వో, అదే మధ్యాహ్నం, ఇంటికి రా. అది కూడా తెచ్చుకో. వాయించమని అడగనులే," అన్నారు.

ఆ గరాజ్‌లో కారు ఉండేది కాదు. గోడ పొడుగునా గ్రామఫోను రికార్డులు, మధ్యలో పాత సోఫా. ఆయన భార్య జుబేదా ఆంటీ టీ ఇచ్చి వెళ్ళాక, అంకుల్ యాభైల నాటి అమెరికా జాజ్ రికార్డు ఒకటి పెట్టారు. అంతకుముందు అక్కడివాళ్ళు పాట కింద మోగే స్వరాల గుంపుల్ని గబగబా మార్చుకుంటూ, వాటి వెంట పరుగెత్తేవారట. కొందరు ఆ పరుగు ఆపేసి, ఒకే స్వరాల వరసలో నిలబడి ఎంత దూరం పోవచ్చో చూశారట. విన్న నాకు ఉత్సాహం ఆగలేదు.

"ఇది మన ఆలాపనే కదా అంకుల్."

"తొందరపడి మనది అనకు. ముందు వాళ్ళదిగా విను."

సిగ్గేసింది. ఆయన రికార్డు ఆపి చెప్పారు. ఆ నల్లజాతి కళాకారులు కొన్ని క్లబ్బుల్లో వేదిక మీద చప్పట్లు అందుకునేవాళ్ళే గాని, లోపలికి వచ్చేది మాత్రం వంటింటి తలుపు నుంచి. "మా నాయనకి కర్నూల్లో పెళ్ళి బ్యాండు ఉండేది. ఊరేగింపులో పెళ్ళికొడుకు కన్నా ముందు నడిచేవాడు. భోజనాల కాడ అందరికన్నా వెనక. ఈ రికార్డు ఫస్ట్ టైమ్ విన్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చినాడు," అన్నారు.

ఆ ఆదివారాలు అలవాటయ్యాయి. అంకుల్ ట్రంపెట్ ఊదేవారు. బేస్ గిటార్ వాయించే రిటైర్డ్ టీచరు, డ్రమ్ములు వాయించే ప్లంబరు కూడా వచ్చేవారు. ఏడో వారమో ఎనిమిదో వారమో, ఎవరూ అడక్కుండానే నేను వయొలిన్ బయటికి తీసి శ్రుతి చేసుకున్నాను. అంకుల్ చూడనట్టు ఊరుకున్నారు.

ఆయన ఇరవయ్యేళ్ళుగా ఒక సంగీత రచన రాసుకుంటున్నారు. ఆ కాగితాల్లో సగం చోట్ల స్వరాలే లేవు. ఎంతసేపు వాయించాలో, ఎవర్ని వింటూ వాయించాలో పెన్సిల్‌తో రాసి ఉంది. అమెరికాలో యాభై, అరవైల్లో కొందరు అలాగే రాశారట. విషయం మాత్రం కర్నూలుది. ఒక ఇరుకు వీధిలో రెండు పెళ్ళి ఊరేగింపులు ఎదురయ్యాయి. రెండు బ్యాండులూ తగ్గలేదు. చివరికి వాళ్ళ నాన్నగారు తన వాళ్ళని ఆపి, క్లారినెట్ మీద ఒక్క స్వరం పట్టుకుని నిలబడ్డారు. అవతలి బ్యాండు దాటిపోయేదాకా వదల్లేదు. "వాళ్ళ పాట మా నాయన స్వరం మీద నడిచిపోయింది. ఎవరూ ఓడిపోలేదు," అన్నారు అంకుల్.

ఆ స్వరం నాకిచ్చారు. నాలుగు నిమిషాలు, షడ్జమం ఒక్కటే.

"ఇందులో మరిచిపోయేదానికి ఏమీ లేదమ్మా," అన్నారు.

రెండువేల సంవత్సరం జనవరి ఒకటిన కంప్యూటర్లు మేం భయపడినట్టు మొరాయించలేదు. ఉగాదికి తెలుగు సంఘం వాళ్ళు ఒక స్కూల్ హాల్లో మాకు పదిహేను నిమిషాలిచ్చారు. మొదలుపెట్టిన కాసేపటికే కుర్చీలు జరిగాయి. "ఇదేంటి, పెళ్ళి బ్యాండులా ఉంది," అని ముందు వరసలో ఒకాయన నవ్వడం నాకు వినిపించింది. నా చూపు వేదిక మెట్ల మీదికి పోయింది. ఇంతలో భోజనాలకు ఆలస్యమవుతోందని కాబోలు, నిర్వాహకుడు మైకులు కట్టేయించాడు.

బేస్, డ్రమ్ములు ఆగాయి. అంకుల్ వాయించడం ఆపలేదు. నా వైపు ఒకసారి తల ఊపి, వేదిక మెట్లు దిగారు. ట్రంపెట్ ఊదుతూ కుర్చీల మధ్య నుంచి, ఊరేగింపు నడకలో, ఒక్కరే నడిచారు. జనం దారిచ్చారు. నవ్వినాయన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. మైకు లేని ఆ హాల్లో నా స్వరం చాలా చిన్నది. దాన్ని వినాలంటే అందరూ మాట్లాడ్డం ఆపాలి. ఒక్కొక్కరే ఆపారు. నాలుగు నిమిషాలూ నేను వేదిక దిగలేదు.

చప్పట్లు మరీ ఎక్కువేం కాదు. నిర్వాహకుడు వచ్చి, "నెక్స్ట్ టైమ్ సినిమా పాటలు పెట్టుకుందాం అంకుల్, పబ్లిక్‌కి రీచ్ అవుతుంది," అన్నాడు.

"తప్పకుండా. మా నాయన వాయించిందీ అవే," అన్నారు అంకుల్. అందులో వ్యంగ్యం లేదు. నాకు కోపంతో కళ్ళ నీళ్ళు తిరుగుతుంటే, ఆయన వెళ్ళి ఆ నిర్వాహకుడితోనే కలిసి కుర్చీలు మడతపెట్టారు.

ఏడాది తిరిగేసరికి సంవత్సరాలు మార్చే ఆ పనులు తగ్గిపోయాయి. నా కాంట్రాక్టు ముగిసింది. మెల్‌బోర్న్ వచ్చేశాను. తెలిసినవాళ్ళు ఫోన్ చేస్తే ఉద్యోగం దొరికిందా, ఇల్లు కొన్నావా అని అడిగేవారు. అంకుల్ మాత్రం, "ఇప్పుడేం వింటున్నావ్?" అనేవారు. చెప్పడానికి ఏమీ లేని రోజున నాకే చిన్నతనంగా ఉండేది. ఆ ప్రశ్నకి భయపడే లైబ్రరీకి వెళ్ళి పాటల సీడీలు తెచ్చుకోవడం మొదలుపెట్టాను.

ఆయన పోయి ఆరేళ్ళు. ఆంటీ ఫోన్ చేసేసరికే ఖననం అయిపోయింది. ఇప్పుడు నన్ను ఆ మాట అడిగేవాళ్ళు లేరు. అయినా నెలకొకసారి, నాకు ఏమాత్రం అర్థంకాని సంగీతం ఒకటి ఎంచుకుని కూర్చుంటాను. బాగుందో లేదో తేల్చకుండా, లేవకుండా, చివరిదాకా వింటాను.