మదనపల్లె నుంచి కుప్పం దాకా, ఒక కంకర గుట్ట భయంతో

ఎనభైల మొదట్లో మాట. మా అక్కను పుంగనూరు దగ్గర ఒక మెట్ట పల్లెలో ఇచ్చాం. ఊరి వెనక గుట్ట మీదే వాళ్ళ పొట్టి ఆవులు మేస్తాయి. గుట్ట కింది ఊటబావే వేసవిలో ఊరందరికీ నీళ్ళు. ఒకరోజు ఎవరో జీపులో వచ్చి బండల మీద సున్నంతో గుర్తులు పెట్టి, ఇక్కడ కంకర క్వారీ వస్తుంది, రోడ్డు కూడా వేస్తామని చెప్పి పోయారట. మా బావ మునెప్ప మదనపల్లెలో నా గదికొచ్చి కూర్చున్నాడు. "కుప్పం పక్క క్వారీలుండే ఊర్లు ఉండాయంట. నువ్వు సదువుకున్నోడివి, ఒకసారి పోయి సూసి రాప్పా. బుధవారం మమ్మల్ని ఆఫీసుకు రమ్మన్యారు. సరే అనల్లో వద్దనల్లో మాకు తెలీలేదు" అన్నాడు. ఆ ఊరికి రోడ్డు కావాలని రెండేళ్ళ కింద అర్జీ రాసిపెట్టింది నేనే.

ఆదివారం తెల్లవారి ఐదున్నర బస్సెక్కాను. గంటలోపే పుంగనూరు. అక్కడ పలమనేరు బస్సు, పలమనేరులో కుప్పం బస్సు. మూడు టికెట్లూ కలిపి ఏడెనిమిది రూపాయలయ్యాయని గుర్తు. కుప్పంలో దిగేసరికి పదకొండైంది. స్టాండులో క్వారీ ఉన్న ఒక ఊరికి జట్కా మాట్లాడుకున్నాను. ఊరు ఇంకా అర మైలు ఉందనగా జట్కావాడు బండి నిలిపేశాడు. "ఈడే దిగు సామీ. ఒంటిగంటకు గుట్ట పేలస్తారు. నా గుర్రం ఆడికి రాదు, దానికింకా అలవాటు కాలా" అన్నాడు. నేనేదో పెద్ద ధైర్యవంతుడిలా నవ్వి నడక మొదలుపెట్టాను.

ఆ ఊళ్ళో చింతాకు పచ్చగా లేదు, బూడిద రంగులో ఉంది. లక్ష్మమ్మ అనే ఆవిడ ఇంటి వసారాలో క్వారీ కూలీలకు వండి పెడుతుంది. రూపాయిన్నరకు సంగటి ముద్ద, నంచుకోడానికి ఊరిబిండి పచ్చడి. ఎండకు తాళలేక లోపల కూర్చుని తింటానన్నాను. ఇంట్లో కుండలన్నీ నేలమీద ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి. మా పక్క ఏ ఇంట్లోనైనా ఒకదాని మీద ఒకటి దొంతిగా పేరుస్తారు. అదే అడిగాను.

"పేరిస్తే అదిరి పడిపోతాయప్పా. మూడు దొంతులు పగిలినాక బుద్ధొచ్చింది. ఉయ్యాల కూడా ఆ టయానికి దించేస్తాం" అంది లక్ష్మమ్మ.

అంతలో బయట విజిల్ ఊదారు. ఆవిడ గబగబా వచ్చి నా పళ్ళెం మీద చాట బోర్లించి, నన్ను గోడమూలకు జరగమంది. తర్వాత వచ్చింది చప్పుడు కాదు, నేలే నా కింద ఒక్కసారి ఎగిరింది. కప్పు నుంచి మట్టి రాలి చాట మీద పడింది. నేను రెండు చేతులతో తల పట్టుకుని ఉన్నాను. ఆవిడ చాట దులిపి, "తినప్పా, అయిపాయ" అంది.

"బావి ఎట్లుందమ్మా?"

"అది ఎండిపోయి శానా దినాలాయ. నీళ్ళ ట్యాంకరొస్తాది. రోడ్డు మాత్రం బాగుండాది."

"మీరు వద్దనలేదా?"

"మేమే గదప్పా రోడ్డు అడిగింది. రాయి యాడిది అంటే, మా గుట్టలోనే ఉండాదని మా వాళ్ళే సూపిచ్చిరి."

అక్క వాళ్ళ ఊరికి నేను రాసిన అర్జీలో "గుట్టలో కంకర సమృద్ధిగా ఉన్నందున రోడ్డుకు ఖర్చు తక్కువ" అని ఒక వాక్యం ఉంది. అది ఎవరూ చెప్పింది కాదు. అర్జీ బలంగా ఉంటుందని నేనే కలిపాను. చదివి వినిపిస్తే అందరూ బాగుందన్నారు, వేలిముద్రలేశారు.

రెండున్నర బస్సుకు బయల్దేరి పొద్దు గూకే వేళకు అక్క ఇంటికి చేరాను. దూలానికి వేలాడే ఉయ్యాలలో మేనకోడలు నిద్రపోతోంది. చూసిందంతా చెప్పాను, ఆ వాక్యం సంగతి కూడా. "నువ్వు మంచికే రాసినావులేప్పా" అన్నాడు బావ. అక్క లేచి, మూలనున్న దొంతిలో పై కుండ దించి నేలమీద పెట్టింది. తర్వాత ఇంకొకటి.

"ఇప్పుడే యాలక్కా? క్వారీ రాలేదు గదా" అన్నాను.

"అలవాటు కావల్ల గదప్పా" అంది.

బుధవారం ఆఫీసులో క్వారీ వద్దని కొత్త అర్జీ నేనే రాశాను. గుమాస్తా ఫైలు తెరిచి దాన్ని పాత అర్జీ కింద పెట్టాడు. రెండింటిలోనూ నా చేతిరాతే. ఆ ఏడాదంతా జవాబు రాలేదు. ఎక్కడ జీపు చప్పుడైనా అక్క ఉయ్యాల దగ్గరికి పరిగెత్తేదట. నాకు మాత్రం ఇప్పటికీ ఉలికిపాటు తెప్పించేది ఆ పేలుడు కాదు, నేను సొంత తెలివితో కలిపిన ఆ ఒక్క వాక్యం. బస్సుల వేళలు, ఛార్జీలు ఇప్పుడు వేరు, అవి స్టాండులో కనుక్కోవచ్చు. ఆ పక్క పల్లెలకు పోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే: చదువుకున్నవారని ఎవరైనా మీ చేతికి కాగితం ఇచ్చి అర్జీ రాయమంటే, వాళ్ళు చెప్పినంతే రాయండి.