ఉదయం తొమ్మిదా, మధ్యాహ్నం రెండా

అంతర్జాతీయ గణిత పోటీకి మా తెనాలి బడిని కేంద్రం చేశారని తెలియగానే, నిర్వహణ నాకే ఇస్తారనుకున్నాను. తెనాలి, రేపల్లె బడులన్నీ తిరిగి ఏటా పిల్లల్ని పోగేసింది నేనే మరి. తీరా చూస్తే ఆ బాధ్యత బాపట్ల టీచరమ్మకిచ్చారు. నాకంటే పదేళ్ళు చిన్నది. ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుందట! సొమ్మొకడిది, సోకొకడిది. పైగా మా బడి గేటుకే ఆవిడ ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. రోజూ దాని కిందనుంచి వెళ్తుంటే ఒళ్ళు మండిపోయేది.

నా ఆశంతా ఒక రేపల్లె పిల్ల మీద. అక్కడ పనిచేసినప్పుడు ఆరో తరగతి నుంచి నేనే లెక్కలు చెప్పాను. ఇందులో నెగ్గితే విదేశంలో జరిగే తుది పోటీకి వెళ్తుంది. వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే దానికి ఆఖరి ఏడు.

ఒకరోజు బాపట్ల టీచరమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, ఆదివారం ఉదయం తొమ్మిదికైనా, మధ్యాహ్నం రెండుకైనా పెట్టుకోవచ్చన్నారు. ఉదయమైతే పిల్లలు చురుగ్గా ఉంటారు కదా, ఏమంటారు?"

ఆ ఆదివారమే రేపల్లెలో ఆ పిల్ల వాళ్ళ చర్చిలో కోత పండగ. ఉదయం ఆరాధనలో పాట ఎత్తుకునేది ఆ పిల్లే. పోటీకొచ్చే రేపల్లె పిల్లల్లో చాలామంది ఆ చర్చివాళ్ళే. నాకు తెలుసు. రేపల్లె వాళ్ళ కుర్చీలు ఖాళీగా ఉంటే ఈవిడ గొప్పేంటో అందరికీ తెలిసొస్తుందనిపించింది. నా పిల్లనంటారా, ఎలాగో రప్పించుకోగలననుకున్నాను.

"నీ ఇష్టమమ్మా," అన్నాను.

ముందురోజు సాయంత్రం ఆ పిల్ల ఇంటికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తలేదు. అందరూ చర్చి అలంకరణలో ఉన్నారట.

మర్నాడు పావు తక్కువ పదికి వచ్చింది, పండగ పట్టులంగాలోనే, వాళ్ళ నాన్న బండి మీద. అప్పటికే గేటు వేసేశారు. బాపట్ల టీచరమ్మ పైవాళ్ళకి ఫోన్ చేసి బతిమాలింది. పేపరు విప్పాక ఎవరినీ రానివ్వకూడదన్నారు. ఆవిడ కళ్ళనీళ్ళతో నా చెయ్యి పట్టుకుంది.

"తప్పు నాదే అక్కా," అని ఆ పిల్లవైపు తిరిగింది. "అమ్మా, పండగని ఒక్కమాట చెబితే మధ్యాహ్నం పెట్టేదాన్ని కదా!"

ఆ పిల్ల అమాయకంగా నావైపు చూసింది.

"మేడమ్‌కి తెలుసండి. పోయినేడు కోత పండక్కి మా ఇంట్లోనే భోంచేశారు. మేడమ్ ఉన్నారుగా, కాస్త లేటైనా రానిస్తార్లే అన్నాడు నాన్న."

బాపట్ల టీచరమ్మ నా చెయ్యి వదిలేసింది.