మా చెల్లిని కుట్టిన కందిరీగ

మా చిన్నప్పుడు... మాఘమాసం వెళ్లి ఎండ కాస్త చురుక్కుమనగానే మా తాటాకింటి చూరు కింద కందిరీగలు చేరేవి. మొదట ఒకటో రెండో వచ్చి వాసాల చుట్టూ తిరిగేవి. నాలుగు రోజులు ఊరుకుంటే అక్కడ అర్ధణా బిళ్లంత గూడు వేలాడేది...

మాది మొగల్తూరు పక్కన ఒక పల్లె. గోదావరి కాలువ నీళ్లు మా పొలాలకు కొత్తగా వచ్చిన రోజులవి. ఇంట్లో అమ్మ, నాన్నగారు, నాయనమ్మ, నేను, నాకంటే మూడేళ్లు చిన్నదైన మా చెల్లెలు సుబ్బులు.

నాకు పదేళ్లప్పుడు సుబ్బుల్ని కందిరీగ కుట్టింది. మెడ మీద ఒక్కటే పోటు. కాసేపటికల్లా ఒళ్లంతా దద్దుర్లు... కళ్లు మూసుకుపోయాయి, మూతి బూరెలా పొంగింది. రెండు రోజులకు తగ్గిపోయింది గానీ, ఆ రెండు రోజులూ ఇంట్లో అది మహారాణి! అమ్మ ఒళ్లోంచి దించలేదు. నాయనమ్మ చేతిలో విసనకర్ర ఆగలేదు. నాన్నగారు పనిగట్టుకుని పడవెక్కి పాలకొల్లు వెళ్లి దానికోసం మామిడి తాండ్ర తెచ్చారు. నాకూ ఒక ముక్క పెట్టారు లెండి... దాని ముక్క కంటే చిన్నది. ఇన్నేళ్లయినా ఆ తేడా నాకు గుర్తుంది.

కుళ్లుకుని చచ్చాననుకోండి. నన్నూ కుడితే అప్పుడు తెలుస్తుంది వీళ్లకి అనుకున్నాను. వారం తిరక్కుండా పశువులపాకలో గూడు వెతికి మరీ పుల్లతో పొడిచాను. కుట్టింది... అబ్బ, ఏం మంట! ఏడుస్తూ అమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఇప్పుడు దద్దుర్లు వస్తాయి, ఇప్పుడు మూతి పొంగుతుంది అని ఎదురుచూశాను. చేతి మీద రేగుపండంత వాపు వచ్చింది, అంతే.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవనైనా లేవలేదు. "ఉల్లిపాయ ముక్క రుద్దుకోవే, అదే పోతుంది" అంది.

"ఒకసారి కుట్టించుకున్న ఒంటికి విషం అలవాటైపోతుందే... రెండోసారి ఏం చెయ్యదు" అనేది మా నాయనమ్మ. ఊళ్లో పెద్దవాళ్లందరూ అదే నమ్మేవారు. నాన్నగారికి మాత్రం భయం తీరలేదు. మరుసటి ఏడు ఎండలు మొదలవగానే చూరు చూసే పని నాకు అప్పజెప్పారు.

"అమ్మడూ, పొద్దున్నే ఇంటిచుట్టూ తిరిగి చూరంతా చూడాలి నువ్వు. గూడు కనపడితే ముట్టుకోకు, నాతో చెప్పు. చెల్లాయి ఒంటికి పడదు కదా."

చెల్లాయి ఒంటికి పడదట... నేనేమైనా ఫరవాలేదు కాబోలు! రోజూ మెడ పైకెత్తి చూరు చూస్తూ లోపల్లోపల ఉడుక్కునేదాన్ని.

ఒకనాడు పెరటి వసారాలో, సరిగ్గా సుబ్బులు కూర్చుని జడ వేయించుకునే చోట, గూడు కనిపించింది. మూడు కందిరీగలు. అప్పుడే నాన్నగారు పాలచెంబుతో ఎదురొచ్చారు.

"ఏమన్నా ఉన్నాయా అమ్మడూ?"

"ఏం లేవు నాన్నగారూ" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకు బాగా తెలుసు, దాచడమెందుకు... అది చచ్చిపోవాలని మాత్రం కాదు, దేవుడి తోడు. దాన్ని మళ్లీ కుట్టాలి. నాయనమ్మ చెప్పినట్టు ఈసారి దానికీ రేగుపండంత వాపే రావాలి. అమ్మ లేవకుండానే "ఉల్లిపాయ రుద్దుకో" అనాలి. అంతే నాకు కావలసింది.

మూడో రోజు కుట్టింది, భుజం మీద. సుబ్బులు గట్టిగా ఏడవనైనా లేదు. "అక్కా... గొంతుకి ఏదో అడ్డం పడిందే" అంది. అంతలోనే పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి తీస్తుంటే పిల్లనగ్రోవిలో గాలి ఊదినట్టు చప్పుడు... అమ్మ దాన్ని ఒళ్లో వేసుకుని కేకలు పెట్టింది. వైద్యులుగారిది కాలువ అవతల. నాన్నగారు పడవ కోసం ఆగకుండా ఈదుకుంటూ వెళ్లారు. నేను స్తంభం పట్టుకుని నిలబడిపోయాను. అమ్మ ఒళ్లు, తాండ్ర, అన్నీ దానికే ఉంచు స్వామీ, ఊపిరొక్కటి ఇవ్వు అని మొక్కుకున్నాను.

వైద్యులుగారు తడి పంచెతోనే వచ్చి, ఏదో గుళిక అరగదీసి నాలిక మీద రాశారు. ఆ మందు పనిచేసిందో, దాని ఆయుష్షే గట్టిదో... పొద్దు వాలేసరికి ఊపిరి కుదుటపడింది.

అప్పుడు నాన్నగారు వసారాలోకి వెళ్లి తలెత్తి గూడు చూశారు. ఒక్కరోజులో కట్టిన గూడు కాదని ఎవరికైనా తెలుస్తుంది. నా వైపు తిరిగారు. ఆయన నోరు తెరవకముందే మంచం మీద నుంచి సుబ్బులు పీలగా అంది.

"అక్క చెప్పింది నాన్నగారూ... అక్కడ కూర్చోకే అని. నేనే వినలేదండి."

నేను చెప్పలేదు. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు. నాన్నగారికీ తెలిసే ఉంటుంది. మర్నాటి నుంచి చూరు ఆయనే చూసుకునేవారు. నన్ను ఒక్క మాట అనలేదు. అడగడం మానేశారు, అంతే.

ఇప్పుడు సుబ్బులు పాలకొల్లులో పెద్ద పెంకుటింట్లో ఉంటోంది. మా పల్లెలోనూ తాటాకిళ్లు తగ్గిపోయాయి... పొద్దున్నే చూరు చూసే ఆడపిల్లలు ఎక్కడా కనపడరు. నేను వెళ్తే ఇరుగుపొరుగును పిలిచి, "మా అక్కండి... చిన్నప్పుడు నన్ను కంటికి రెప్పలా చూసుకునేదండి" అంటుంది. నేను తల దించుకుంటాను. వాళ్లు అది పొగడ్తకి సిగ్గనుకుంటారు.

మీ ఇళ్లలోనూ ఇలా కుళ్లుకున్నవాళ్లు ఉంటే చెప్పండి... నేనొక్కదాన్నే కాదని కాస్త ధైర్యంగా ఉంటుంది. అమ్మ దాన్నే ముద్దు చేసిందన్న కుళ్లు నాకు ఎప్పుడో పోయింది. ఊపిరాడని గొంతుతో, ఎనిమిదేళ్ల పిల్ల, నాకోసం ఆ అబద్ధం ఆడగలిగింది చూశారూ... ఆ మనసు దేవుడు దానికిచ్చి నాకివ్వలేదన్న కుళ్లు మాత్రం ఇప్పటికీ పోలేదు.