అంచు మీద గీత

అందరూ అతన్ని పూతమేస్త్రి అనేవారు. అలాగని గోడలకు రంగులు పూసే మేస్త్రి కాదు. గాలి తోడేసిన ఉక్కు డబ్బాలో సీడీల్లాంటి ప్లాస్టిక్ బిళ్లల మీద ఇనుము, కోబాల్టు, టెర్బియం లోహాలు కలిపి కంటికి ఆనని పొర పూయించడం అతని పని. ఆ పొరలో పరమాణువులు సంతలో జనంలా ఎలా పడితే అలా ఉంటాయి. అయినా దాని అయస్కాంత దిశ నిటారుగా నిలబడుతుంది. లేజరుతో వేడి పెడితే తప్ప పైకి ఉన్నది కిందికి తిరగదు. అలా పైకీ కిందికీ తిప్పుతూనే ఆ బిళ్లల్లో మాటలు, పాటలు దాచేవారు.

"మొండిఘటం" అని ఆ పొరను మెచ్చుకుని, ఇంట్లో ఇంకో మొండిఘటం ఉందని భార్యను ఉడికించేవాడు.

ఆ భార్యకే గొంతులో పుండు లేచింది. ప్రాణం దక్కాలంటే గొంతు తీసేయాలన్నారు డాక్టర్లు. కూతురు చంటిపిల్ల. "దానికి నా మాట గుర్తుండదండీ" అని ఏడ్చింది.

అతను ఫ్యాక్టరీలో పక్కన పడేసిన బిళ్లొకటి అడిగి తెచ్చాడు. అలాంటివి బయట అమ్ముకోకుండా, గేటు దగ్గర పూత వైపు సూదితో గీత గీయాలి. అక్కడి రూలది. అంచునే కదా, ఏమవుతుందిలే అనుకుని తనే గీశాడు. ఆపరేషన్ ముందురోజు బిళ్లను రికార్డింగ్ మిషన్‌లో పెట్టాడు, ఆమె మైకు ముందు కూర్చుంది.

"ఏమండీ, ఎర్ర దీపం వెలిగింది. మాట్లాడనా?" అంది. ఆ తర్వాత కూతురికి ఒక నక్క కథ చెబుతూ మధ్యలో తనే నవ్వేసింది.

కూతురు తల్లి కాబోయేటప్పుడు వినిపించాలని ఆమె కోరిక. బిళ్ల బీరువాలో మెత్తటి గుడ్డలో ఉండిపోయింది. అప్పుడప్పుడూ దాని దగ్గరికి అయస్కాంతం తెచ్చి, "చూశావా, చెక్కుచెదరదు" అనేవాడు. మాట లేని భార్య అతని వీపు మీద ఒక్కటి వేసేది.

కూతురికి నెలలు నిండాయి. "ఇప్పుడైనా తియ్యి నాన్నా" అంది.

గుడ్డ విప్పాడు. గీత దగ్గర మొదలైన గోధుమరంగు మచ్చ నడిమిదాకా పాకిపోయింది. పాత మిషన్ కాసేపు గిరగిరా తిరిగి బిళ్లను బయటికి తోసేసింది. తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ తోసేసింది.

టెర్బియానికి గాలి పడదు. పైన రక్షణపూత ఉన్నంతవరకే దాని మొండితనం. ఆ సంగతి కొత్తగా చేరిన వాళ్లందరికీ అతనే చెప్పేవాడు. కంచే చేను మేసింది. చేజేతులా గాలికి తలుపు తీసి, ఇన్నేళ్లూ అయస్కాంతంతో ఆటలాడాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"గీత నేనే గీశాను" అన్నాడు.

భార్య చాలాసేపు మచ్చకేసి చూసింది. తర్వాత కూతురి పొట్ట మీద చెయ్యి వేసి పెదవులు కదిపింది. శబ్దం లేదు.

"అమ్మ ఏమంటోంది నాన్నా?"

అతనికి తెలుసు. ఆ మాటలు ఆమె నోట విన్నవాడు ఇక అతనొక్కడే.

"ఏమండీ, ఎర్ర దీపం వెలిగింది. మాట్లాడనా?" అని చెప్పాడు, తన బొంగురు గొంతుతోనే.