ఇనుప చేతుల మనిషి

మొన్న విజయనగరం నుంచి వస్తుంటే, ఎప్పుడో మూతబడిన జనపనార మిల్లు షెడ్లు పడగొడుతున్నారు. పళ్లచక్రాలూ ఇరుసులూ లారీకెక్కిస్తున్నారు. దుమ్మని బస్సులో అందరూ కిటికీలు మూసుకున్నారు. నాకు మాత్రం మా చిన్నమావ గుర్తొచ్చాడు.

ఆయన ఆ మిల్లులో ఫిట్టరు. డ్యూటీ దిగాక బొమ్మలేసేవాడు. ఏది వేసినా అందులో మిల్లే కనిపించేది. మనుషుల మెడలు గొట్టాలు, మోకాళ్లు బోల్టులు, కొబ్బరిచెట్లు వరసగా నిలబెట్టిన పొగగొట్టాలు. ఒకసారి మా గేదెని బాయిలరుకి నాలుగు కుళాయిలు బిగించినట్టు వేస్తే, అది పాలివ్వడం మానేస్తుందని మా అమ్మ ఆ బొమ్మని ఇంట్లో పెట్టనివ్వలేదు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. యంత్రంలో అక్కర్లేని ముక్క ఒక్కటీ ఉండదు, మనిషిని కూడా అలా చూడాలని ఉంది అనేవాడు. మాకెవరికీ అర్థమయ్యేది కాదు.

ఆయన భార్య, మా అత్తది కళింగపట్నం. వాళ్ల నాన్న వేటకెళ్లి సముద్రంలో పోయాడు. శవం దొరకలేదు, ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. దండ వెయ్యడానికి బొమ్మ గీసిపెట్టమని అత్త తల్లి చిన్నమావని బతిమాలింది. పెళ్లయిన కొత్తలో ఒడ్డున కూర్చుని, మావగారు వల లాగడాన్ని కళ్లప్పగించి చూసిన మనిషాయన. మిల్లుకి సెలవు పెట్టి మరీ రేకు మీద వేశాడు. చేతులు రెండు ఇనుప ఇరుసులు, ఛాతీ పీపా, కళ్లు గుండ్రటి మరలు, వెనక పడవ ముక్కోణం. ముసలమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"ఏటి బాబూ ఇది? మా మనిషేడీ ఇందులో?" అని కూలబడి ఏడ్చింది.

చిన్నమావ రేకుని వెనక్కి తీసుకున్నాడు. ఆ రేకు మీదే తెల్లరంగు పూసి, ఆరాక, మెలితిప్పిన మీసాలతో ఒక పెద్దమనిషిని వేసిచ్చాడు. అచ్చం క్యాలెండరు బొమ్మలా ఉంది. అందరూ మెచ్చుకుని దండ వేశారు. ఆ తర్వాత ఎవరడిగినా అలాంటివే వేశాడు తప్ప, గొట్టాలూ చక్రాలూ మళ్లీ ముట్టుకోలేదు. ఎందుకు మావా అంటే, రోజూ మిల్లులో చూస్తన్నాను కదా, చాల్లే అనేవాడు.

ఆయన పోయాక ఒకసారి కళింగపట్నం వెళ్లాను. పుట్టింటికి వచ్చేసి, గుమ్మం ముందు ఎండుచేపలు తిరగేస్తున్న అత్త, లోపల గోడ మీదున్న మీసాల బొమ్మకేసి చూసింది.

"ఆడెవడో నాకు తెల్దురా. ముందు ఏసిందే మా నాన్న. వల లాగినప్పుడు ఆ సేతులు అలాగే బిగిసిపోయీవి. సూడగానే పోల్చుకున్నాను."

మరి మావకి చెప్పలేదా అని అడిగాను.

"అమ్మ ఏడస్తన్నాది కదా. తరవాత సెబుదాంలే అనుకున్నాను," అని మళ్లీ చేపల మీదకి వంగింది.

తరవాత అనుకున్న ఆ రోజు రాకుండానే, మావా అత్తా ఒకే గడపలో ముసలివాళ్లయిపోయారు.