వంకర ముడి

ఉదయం ఏడూ ఇరవైకి రాజమండ్రి రేవు నుంచి లాంచీ కదిలింది. అది తొంభై ఆరు, మా అమ్మ చనిపోయిన ఏడాది.

నా ఎదుట ఒక కొండరెడ్ల ముసలావిడ మనవరాలికి చేపలు పట్టే వెదురు బుట్ట అల్లడం నేర్పుతోంది. పిల్ల చివరి ముడి తిన్నగా వేసింది. ఆవిడ విప్పేసి, "వంకరగా వెయ్యవే!" అంది.

"బాగానే వేసింది కదమ్మా?" అన్నాను.

"మాయమ్మకి బొటనేలు లేదు బాబూ. ఆవిడ ముడి వంకరగానే పడేది. నేనూ అట్టాగే నేర్చుకున్నా. తిన్నగా వేస్తే మాయమ్మ ముడి పోదా?"

"నాకు బొటనేలుందిగా అవ్వా!" అంది పిల్ల.

"ఉంటే మడుచుకోవే!"

లాంచీలో అందరం నవ్వాం. పిల్ల వేలు మడుచుకుని మళ్లీ కట్టింది. ముడి వంకరగా పడింది. ముసలావిడ బుట్టను ఎత్తి అందరికీ చూపించింది.

మా అమ్మది ఎడమచేతి వాటం. ఆమె కట్టిన మల్లెమాలలో ముడులు ఎడమకే తిరిగేవి. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ పూలు కట్టరు.